నవ్వే ముందు ఒక్క మాట

మా ఓబులదేవరచెరువు పక్కనుండి డిగ్రీ పుచ్చుకొని బయటపడినవాళ్లు యాడికి పోతారు? హిందూపురం ఫ్యాక్టరీలకు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కార్ల కర్మాగారానికి, కాకుంటే బస్సెక్కి బెంగుళూరికి. పోయినచోట మొదట శిక్షణ. యంత్రం ముందు ఎట్ల నిలబడాల, నిప్పంటుకుంటే ఏ దోవన పరుగెత్తాల, అన్నీ చెబుతారు. పక్కమనిషితో ఎట్ల మాట్లాడాల అన్న పాఠం మాత్రం చాలాచోట్ల ఉండదు.

నేను పనిచేసిన ఒకచోట, నా ఊరు చెప్పగానే "సీమవాడివా? సంచిలో బాంబులున్నాయా?" అన్నారు. తిట్టు కాదట, తమాషా! దళిత మిత్రుణ్ణి "కోటాలో వచ్చినావా?" అనడం, సూపర్‌వైజరైన అమ్మాయిని "మరి ఇంట్లో వంటెవరు చేస్తారు?" అనడం కూడా ఈ తరహావే.

ఇటువంటి వాటికి 1970లో చెస్టర్ పియర్స్ అనే అమెరికన్ నల్లజాతి మనోవైద్యుడు 'మైక్రో అగ్రెషన్' అని పేరుపెట్టారు. మనకు ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు అనే మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే ఎత్తిపొడిచేవాడికి తాను పొడుస్తున్నానని తెలుసు. ఇక్కడ చాలాసార్లు అన్నవాడికే తెలియదు, పడ్డవాడికి తెలుస్తుంది. శిక్షణ కావలసింది అందుకే.

"ఇంతమాత్రానికే ఉలిక్కిపడితే ఉద్యోగమేం చేస్తావప్పా?" అంటారు పెద్దలు. ఒక్క సూదిపోటుకు ఎవరూ పడిపోరు, నిజమే. కానీ దినానికొకటి చొప్పున పడేవాడు క్రమంగా నోరు తెరవడమే మానేస్తాడు. యంత్రంలో లోపం కనిపించినా చెప్పడు. అది సంస్థకు నష్టం కాదా?

చట్టం కొంత దోవ చూపింది. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం, సిబ్బందికి అవగాహన తరగతులు జరపడం యజమాని బాధ్యత అన్నది. యు.జి.సి. 2012లో తెచ్చిన నిబంధనలు, తరగతిలో విద్యార్థి కులం, ప్రాంతం పేరెత్తడాన్ని, 'రిజర్వేషన్ వాళ్లు' అని ముద్ర వేయడాన్ని తప్పుపట్టాయి. కానీ కాగితం మీది మాట నాలుక మీదికి రావాలంటే అభ్యాసం కావాలి.

ఉపన్యాసం ఇచ్చి, సంతకం పెట్టించుకుంటే ఈ పని కాదు. నా మటుకు, శిక్షణ ముందు ఇవ్వవలసింది పక్కన నిలబడి చూసేవాళ్లకు. మాటపడ్డవాడు ఎదురుచెబితే "తమాషా కూడా తెలియదా?" అని రెండో పోటు పడుతుంది. అదే పక్కనున్నవాడు "ఇందులో నవ్వేదానికి ఏముందన్నా?" అని మెల్లగా అడిగితే, అన్నవాడు ఆగి ఆలోచిస్తాడు. అన్నవాడు నేర్వవలసిందీ ఒకటుంది: "నా ఉద్దేశం అది కాదు" అని వాదానికి దిగకుండా "సరే, ఇంక అనను" అనడం.

జనం మాటల్లోనే పద్యం చెప్పిన వేమన సమాధి కటారుపల్లిలో, మా ఊరికి దగ్గర్లోనే ఉంది. ఆ యోగి నడిచిన నేల మాటను చూసి నవ్వడమేమిటి?

విద్యార్థి సంఘం మిత్రులారా! ఉద్యోగంలో చేరినాక నేర్చుకుందామని వాయిదా వేయవద్దు. హాస్టలు మెస్సులో, క్యాంటీనులో ఈ మాటలు ఇప్పుడే వినబడుతున్నాయి. వచ్చే ఏడు కొత్త విద్యార్థుల స్వాగతసభలో దండలకూ పాటలకూ నడుమ ఒక్క గంట దీనికి కేటాయించండి. అధ్యాపకులు కూడా వచ్చి కూర్చుంటే మరీ మంచిది.