రక్తం ఎక్కే ప్రతి బిడ్డకూ హెపటైటిస్ సి పరీక్ష చేయించండి!

తలసేమియా పిల్లల అమ్మానాన్నలారా! రక్తదాతలారా!

రెండు మూడు వారాలకోసారి బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తే మనకు ఫెరిటిన్ ఎంతుందో నోటికే తెలుసు. హిమోగ్లోబిన్ ఎప్పుడెంత పడిపోయిందో తేదీతో సహా చెబుతాం. మరి హెపటైటిస్ సి పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించాం? ఫైలు తీసి చూడండి. ఏడాది దాటినా, అసలా కాగితమే లేకపోయినా ఇక ఆలస్యం చేయకండి.

ఇది రక్తం ద్వారా సోకి కాలేయాన్ని తినేసే వైరస్. మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి చేసింది 2001లో. అంతకుముందు రక్తం ఎక్కించుకున్న పిల్లలు ఎందరో దీని బారిన పడ్డారు. ఆ తర్వాత తగ్గింది గానీ ఆగలేదు. దాత ఒంట్లో వైరస్ చేరాక మామూలు ఎలైజా పరీక్షకు అది దొరకడానికి దాదాపు రెండు నెలలు పట్టొచ్చు. ఆ లోపు ఆయన రక్తమిస్తే సంచి లేబుల్ మీద ‘నాన్ రియాక్టివ్’ అనే ఉంటుంది, లోపల వైరస్ ఉంటుంది. జీవితంలో ఒక్కసారి రక్తం ఎక్కించుకున్నవాళ్లకు ఇది చాలా అరుదైన ముప్పు. మన పిల్లల సంగతి వేరు. వాళ్లకు బతుకంతా రక్తమే మందు, దాదాపు ప్రతి సంచీ ఓ కొత్త దాతది.

2025లో ఝార్ఖండ్‌లోని చాయిబాసాలో తలసేమియా పిల్లలకు హెచ్‌ఐవీ సోకిందని తెలిసి అందరం ఉలిక్కిపడ్డాం. హెపటైటిస్ సి వచ్చేదీ ఆ దారినే. కాకపోతే ఇది చప్పుడు చేయదు. బిడ్డ ఆడుతూ పాడుతూనే ఉంటాడు, కళ్లు పచ్చబడాలనీ లేదు. అసలే మన పిల్లల కాలేయంలో ఐరన్ పేరుకుని ఉంటుంది. దానికి ఈ వైరస్ తోడైతే కాలేయం ఇంకా త్వరగా గట్టిపడుతుంది. పసరు మందులు పోయించి రోజులు గడపకండి, మీ కాళ్లు పట్టుకుంటాం.

ఎందుకంటే ఇది నయమయ్యే జబ్బు! టీకా లేదు గానీ మందుంది. వెనకటి ఇంటర్‌ఫెరాన్ సూదుల బాధ ఇప్పుడు లేదు. రోజూ మాత్రలు, సాధారణంగా 12 వారాలు. నూటికి 95 మందికి పైగా పూర్తిగా బాగవుతున్నారు. మూడేళ్లు నిండిన పిల్లలకూ ఈ మందులు ఇవ్వొచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద 2018 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షా, మందూ ఉచితం.

ఈసారి రక్తానికి వెళ్లినప్పుడు క్రాస్ మ్యాచ్‌కు సూది గుచ్చేటప్పుడే ‘యాంటీ హెచ్‌సీవీ కూడా రాయండి సార్’ అని అడగండి. పాజిటివ్ వస్తే బెంబేలెత్తకండి. వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, అదీ చేయించండి. బిడ్డను బడి మాన్పించకండి, కంచం వేరు పెట్టకండి. కలిసి తింటే, ముద్దు పెట్టుకుంటే ఇది అంటదు. బ్రష్షు, గోళ్లు తీసే కట్టరు మాత్రం ఎవరివి వాళ్లకుండాలి.

దాతలారా, మీరిచ్చిన రక్తంతోనే మా పిల్లలు లేచి తిరుగుతున్నారు. దాత ఫారంలో దాచకుండా రాయండి. ఈమధ్య పచ్చబొట్టు వేయించుకున్నా, ఎక్కడో సూది మీద అనుమానమున్నా చెప్పండి. పరీక్ష ఫలితం కోసమని రక్తం ఇవ్వకండి. రక్తం అమ్ముకోవడం 1998 నుంచి నిషేధం. దళారీ ఎదురుపడితే అక్కడే నిలదీయండి.

సర్కారును మనం అడగాల్సింది ఉంది. నాట్ పరీక్ష ఆ రెండు నెలల సందును కొద్ది రోజులకు కుదిస్తుంది, దాన్ని దేశమంతా తప్పనిసరి చేయలేదు. మన పిల్లలకు ఎక్కించే ప్రతి సంచికీ నాట్ చేయాలి! చిన్నపిల్లల మోతాదు మందులు ప్రతి జిల్లాలో ఉంచాలి!

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దాం. బిడ్డ ఫైలు జిరాక్సు జతచేయండి, రసీదు తీసుకోకుండా కదలకండి. రాయడం రానివాళ్లుంటే పక్కనున్నవాళ్లు రాసిపెట్టండి.

— తలసేమియా పిల్లల తల్లిదండ్రులం