అర్థమునకు దూరమైన గీతము: ‘సత్యాగ్రహ’ గేయనాటకము – ఒక పరిశీలనము

పాశ్చాత్యులు ‘ఒపేరా’ అని వ్యవహరించు గేయనాటకము ఇరువదవ శతాబ్దిలో సంస్కృత వాఙ్మయమును రెండు భిన్నమార్గములలో సమీపించినది. ఆంగ్ల స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ (1874–1934) సంస్కృతమును కొంత అభ్యసించి, ఋగ్వేద సూక్తములను తానే ఆంగ్లీకరించుకొని స్వరపరచెను. 1907–08 నాటి ఆ గీతములలో కొన్ని ఏకగాత్రమునకును పియానోకును కూర్పబడినవి. భారత వనపర్వకథను గైకొని 1908లో రచించిన ‘సావిత్రి’ ముగ్గురు గాయకులతో సుమారు అరగంటలో ముగియు చిన్న నాటకము. 1916లో లండనున తొలిసారి ప్రదర్శితమైనది. గానసభకైనను, రంగస్థలమునకైనను హోల్స్ట్ శ్రోతకు తెలిసిన మాటనే వాడెను.

అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ మార్గము దీనికి విరుద్ధము. 1980 సెప్టెంబరులో నెదర్లాండ్సులోని రాటర్‌డామ్ నగరమున ప్రదర్శితమైన ఆయన ‘సత్యాగ్రహ’కు గాంధీజీ దక్షిణాఫ్రికా జీవితము ఇతివృత్తము. పాత్రలు పాడునదంతయు కాన్‌స్టన్స్ డి జాంగ్ భగవద్గీతనుండి కూర్చిన సంస్కృత పాఠమే. రంగముపై భారతీయులు తమ నమోదు పత్రములను దహించుచుందురు, వినబడునది గీత. 1987లో వెలువడిన తన గ్రంథమున గ్లాస్ ఇందుకు చూపిన కారణము నిష్కపటమైనది. మాటలు తెలియని శ్రోత వానిని విడిచిపెట్టును. అప్పుడు అర్థభారము సంగీతముపై, రంగాలంకరణముపై, అభినయముపై పడును. 2008లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపేరావారు సైతము ఆసనముల ముందు అనువాదమును చూపు తమ ఆచారమును ఈ నాటకమునకు మాని, కొన్ని వాక్యములను మాత్రమే రంగముపై ప్రసరింపజేసిరి.

దీనిని సంస్కృతమునకు లభించిన విశ్వగౌరవముగా భావించి సంతసించుట సులభము. ఆ సంతోషము తొందరపాటు. నాటకాంతమున గాంధీ పాత్ర పాడు గీతమును పరిశీలింపవలెను. ఆరోహణక్రమమున సాగు ఒకే స్వరపంక్తి పలుమారులు ఆవృత్తమగును. కర్ణాటక సంగీతజ్ఞులకు తోడి మేళము స్ఫురించును. అందలి మాటలు చతుర్థాధ్యాయమున భగవానుడు తన పెక్కుజన్మలను, అవతార ప్రయోజనమును తెలుపు శ్లోకములు. ఆ అంకమునకు అధిదేవత వలె నిలిపినది మార్టిన్ లూథర్ కింగును! అనగా ఆ ఘట్టమునకు ప్రాణము ఆ శ్లోకార్థమే. గీత నెరిగినవానికి అది నాటకము. ఎరుగనివానికి మనోహరమైన స్వరావళి మాత్రమే. అర్థమును విడువవచ్చునన్న స్వరకర్తయే అర్థముపై ఆధారపడి కట్టడము లేపెను. అంతేకాదు, 1984 నాటి ‘అఖ్‌నాటెన్’లో ప్రాచీన భాషలను వాడుచునే సూర్యస్తుతిని మాత్రము ప్రేక్షకుల భాషలోనే పాడవలెనని ఆయన విధించెను. కీలకస్థానమున మాట తెలియవలెనని ఆయనకును తోచెననుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

శార్ఙ్గదేవుడు పదమూడవ శతాబ్దిలో ‘సంగీతరత్నాకరము’న మాతువును, ధాతువును, అనగా వాక్కును గేయమును, రెంటిని రచించువానినే ఉత్తమ వాగ్గేయకారుడనెను. ధాతువున అధికుడై మాతువున మందుడైనవాడు మధ్యముడు. మాతువు రమ్యమైనను ధాతువు మందమైనచో అధముడు. స్వరమునకు ఇంత ప్రాధాన్యమిచ్చిన ఆ లాక్షణికుడే వాగ్గేయకారుని గుణములలో మొదట పేర్కొన్నది వ్యాకరణజ్ఞానము. గానమున మాట లొంగియుండవచ్చును గాని లుప్తము కారాదన్నదే ఇందలి ఆశయముగా గ్రహింపదగును.

ఈ ప్రమాణముతో విదేశీయుని మాత్రమే కొలుచుట న్యాయము కాదు. త్యాగరాజు ‘ప్రహ్లాదభక్తివిజయము’, ‘నౌకాచరిత్రము’ అను గేయనాటకములను తెలుగున రచించెను. నేటి కచేరీలలో వినబడునవి వానినుండి విడివడిన కీర్తనలే. ‘నన్ను విడచి’ అను రీతిగౌళ కీర్తన ప్రహ్లాదుని మొర యనియు, ‘ఓడను జరిపే’ యమునపై పడవనెక్కిన గోపికల పాట యనియు ఎరిగి వినువారెందరు? తెలుగెరుగని గాయకుడు తెలుగెరుగని సభలో పాడుట తప్పు కాదు. ఆ ఆదరము వలననే ఈ కృతులు నిలిచినవి. కాని పదమును నడుమ విరిచి సంగతులు వేయునపుడు తెలుగు సభ కూడ అభ్యంతరము చెప్పకపోవుట విచారింపదగినది. గ్లాస్ తెలిసి, కారణము చెప్పి, అర్థమును దూరముంచెను. తెలుగునాట అదే పని ఎవరును తలపెట్టకయే జరుగుచున్నది.

ప్రాచ్యకళాశాలలు దీనిని సంగీతజ్ఞుల వ్యవహారమని విడువరాదు. యక్షగానమును పాఠ్యముగా చెప్పుచోట ఈ రెండు నాటకములను వచనసంధులతో సహా, పాత్రసందర్భములతో పూర్తిగా బోధింపవచ్చును. పట్టణమున కచేరీ జరుగునాడు పాడబోవు కృతుల ప్రతిపదార్థమును, సందర్భమును ఒక్క పుటలో అచ్చొత్తి సభ్యులకిచ్చుట ఏ తెలుగు శాఖకును భారము కాదు.