ధనబలమా? ప్రతిభాబలమా?

డబ్బుకు లోకం దాసోహమన్నారు పెద్దలు. ఈ మాట ఆటస్థలానికి కూడా వర్తిస్తుందా? అధిక వేతనాలిచ్చే జట్టునే విజయం వరిస్తుందా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికా దేశపు వృత్తి బేస్‌బాల్ చక్కని నిదర్శనం.

మన ఐ.పి.ఎల్. క్రికెట్‌లో ఆటగాళ్లపై వ్యయానికి జట్లన్నింటికీ ఒకే గరిష్ఠ పరిమితి ఉంది. 30 జట్లు గల అమెరికా మేజర్ లీగ్‌లో ఇంతవరకు అటువంటి కట్టడి లేదు. నిర్ణీత మొత్తం దాటిన జట్టు అదనపు పన్ను చెల్లిస్తే చాలు. 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి ఇచ్చిన తీర్పు, ఆటగాడు తనకు నచ్చిన జట్టును ఎన్నుకునే స్వేచ్ఛకు బాట వేసింది. శ్రమకు తగిన వేతనం లభించడం న్యాయమే. అయితే సంపన్న జట్లు మేటి ఆటగాళ్లను ధనంతో ఆకర్షించే అవకాశమూ దానితోనే వచ్చింది.

ధనమే సర్వస్వం కాదనేవారు 2002 సంవత్సరాన్ని ఉదహరిస్తారు. ఆ యేడు ఓక్లండ్ జట్టు జీతాల వ్యయం సుమారు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ యాంకీస్ జట్టు వ్యయం 12 కోట్లకు పైమాటే. ఐనప్పటికీ రెండు జట్లూ 103 ఆటల చొప్పున గెలిచాయి. ఓక్లండ్ వరుసగా 20 ఆటలు గెలిచి అందరినీ అబ్బురపరచింది. అవుట్ కాకుండా మొదటి బేస్‌కు చేరే నేర్పు గలవారిని, ఇతరులు విలువ గుర్తించకముందే, తక్కువ జీతానికి తీసుకోవడమే వారి రహస్యం. ఇక 2023లో న్యూయార్క్ మెట్స్ జట్టు 30 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కూడా 75 ఆటలు గెలిచి 87 ఓడింది.

దీనికి కారణం లేకపోలేదు. సాధారణంగా ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆటగాడికి ఆ స్వేచ్ఛ ఉండదు. కావున యువకుడు తక్కువ జీతానికి గొప్పగా ఆడుతుంటే, వయసు మళ్లినవాడు గత కీర్తికి మూల్యం పొందుతుంటాడు.

అంతమాత్రాన ధనం నిష్ప్రయోజనమనడం పొరపాటు. ఓక్లండ్‌లో రాణించిన జేసన్ జియాంబీని 2001 ఆటలు ముగిశాక యాంకీస్ జట్టే 12 కోట్ల డాలర్ల ఒప్పందంతో తీసుకుపోయింది. ఓక్లండ్ పాటించిన గణాంక పద్ధతిని సంపన్నమైన బోస్టన్ జట్టు కూడా అనుసరించి, 86 ఏళ్ల నిరీక్షణ అనంతరం 2004లో ప్రపంచ సిరీస్ గెలిచింది. భారీగా వెచ్చించే లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు 2013 నుండి 2025 వరకు ఏటా తుది పోటీల దశకు చేరింది. కాని ఆ 13 ఏళ్లలో కిరీటం దక్కినది మూడుసార్లే. 162 ఆటల సుదీర్ఘ పోరులో ధనం నిలకడనిస్తుంది. కొద్ది ఆటలతో ముగిసే తుది పోటీలలో అదృష్టానిదీ పెద్ద పాత్రే.

కావున ధనం విజయద్వారం వరకు తీసుకుపోగలదే గాని, లోపలికి ప్రవేశం కల్పిస్తానని హామీ ఇవ్వలేదన్నది నా నిశ్చితాభిప్రాయం. పేద జట్టుకు వివేకమే పెట్టుబడి. కాని సంపన్నుడు కూడా వివేకవంతుడైన నాడు పేదవాని దారి మరింత కఠినమవుతుంది. అందుకే పోటీ న్యాయంగా సాగాలంటే సమాన నిబంధనలు అవసరం.

మన కళాశాల మైదానానికీ ఈ నీతి వర్తిస్తుంది. బంతి, బ్యాటు, శిక్షకుడు కరువైన చోట ప్రతిభ మొలకెత్తదు. ఆ కనీస వసతులను కమిటీవారు సమకూర్చెదరు గాక! ఆపై గెలుపోటముల బాధ్యత విద్యార్థులమైన మనదే.