ముద్దయీ తనే, గవాహ్ తనే, ఖాజీ కూడా తనవాడే!



ఉత్తర ధ్రువాన్ని మొట్టమొదట చేరిన మనిషి ఎవరు? మీ ఇంట్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలుంటే అడిగి చూడండి. వెంటనే జవాబొస్తుంది: రాబర్ట్ పియరీ, 1909 ఏప్రిల్ 6. మా ఉర్దూ మీడియం జుగ్రాఫియా క్లాసులో కూడా ‘ఖుత్బె షుమాలీ’ అనగానే ఈ పేరే బట్టీ పట్టించారు. ఈ జవాబుకు మార్కు వేస్తారు. నా పేచీ ఆ మార్కుతోనే. ఇది సాబిత్ అయిన సంగతి కాదు. ఒక మనిషి చేసిన దావా. వందేళ్ళు దాటినా ఇంకా దావాగానే ఉంది.

ముందు ముఖద్దమా ఏమిటో చూద్దాం. 1909 సెప్టెంబర్ 1న ఫ్రెడరిక్ కుక్ అనే అమెరికన్ డాక్టర్, తాను 1908 ఏప్రిల్ 21నే ధ్రువం చేరానని లోకానికి ఖబర్ పంపాడు. ఐదు రోజులకే అమెరికన్ నేవీ ఇంజనీరు పియరీ, అసలు చేరింది నేనన్నాడు. న్యూయార్క్ హెరాల్డ్ కుక్ వైపు నిలిచింది, న్యూయార్క్ టైమ్స్ పియరీ వైపు. రెండూ డబ్బిచ్చి ఆయా కథలు కొనుక్కున్న పత్రికలే. పత్రికల్లో పనిచేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కొన్న కథను అబద్ధమనడానికి ఏ పత్రికకూ నోరు రాదు.

కుక్ దావా తొందరగానే కూలింది. అదే ఏడాది డిసెంబర్లో కోపెన్‌హాగన్ యూనివర్సిటీ అతని కాగితాలు చూసి, వీటిలో సబూత్ లేదని తేల్చేసింది. 1906లో అలాస్కాలోని మెకిన్లీ శిఖరం ఎక్కానన్న అతని పాత దావా కూడా, వెంట వెళ్ళినవాడే అబద్ధమని హలఫ్‌నామా ఇవ్వడంతో పరువు పోగొట్టుకుంది. ఇంతవరకు ఇన్సాఫ్ బాగానే నడిచింది. మరి పియరీ?

అతని దావాను చూడండి. కేప్ కొలంబియా నుంచి ధ్రువానికి 413 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 765 కిలోమీటర్లు. మార్చి 1న బయలుదేరాడు. వెంట ఉన్న కెప్టెన్ బాబ్ బార్ట్‌లెట్‌కు సూర్యుడి ఎత్తు కొలిచి ఎక్కడున్నామో లెక్కకట్టడం వచ్చు. ధ్రువం ఇంకా 133 నాటికల్ మైళ్ళుందనగా, ఏప్రిల్ 1న, పియరీ అతన్నే వెనక్కి పంపేశాడు. ఇక తన లెక్కను విడిగా సరిచూడగలవాడు దళంలో ఎవరూ మిగల్లేదు. అంతవరకు నెల రోజుల్లో సుమారు 519 కిలోమీటర్లు నడిచిన మనిషి, మిగిలిన 246 కిలోమీటర్లను ఐదు మజిలీల్లో ముగించానన్నాడు. ముందు లెక్కలో నీళ్ళు అడ్డొచ్చి ఆగిపోయిన రోజులున్నాయి, ఒప్పుకుందాం. కానీ ఏప్రిల్ 7న ధ్రువం దగ్గర బయలుదేరి 23కల్లా కేప్ కొలంబియాలో ఉన్నాడు. పదహారు రోజుల్లో 765 కిలోమీటర్లు! వెళ్ళిన దారే, కట్టిన మంచు ఇళ్ళే కాబట్టి తొందరగా వచ్చామని అతని వాదన. తేలే మంచు మీద పాత దారి ఎంతసేపు చెక్కుచెదరకుండా ఉంటుంది?

డైరీ సంగతి ఇంకా విచిత్రం. ధ్రువం చేరిన రోజున పేజీలు ఖాళీ. చేరానన్న మాట వేరే విడి కాగితం మీద ఉంది. తూర్పుకో పడమరకో ఎంత జరిగామో తేల్చే కొలతలు దారి పొడుగునా తీసుకోలేదు.

దీన్ని పరిశీలించిందెవరు? నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ. ఆ ప్రయాణానికి చందా ఇచ్చిన సంస్థ కూడా అదే! పరికరాల పెట్టెను రైల్వే స్టేషన్‌లోనే తెరిచి చూశారు. 1911లో అమెరికన్ కాంగ్రెస్ అతనికి రియర్ అడ్మిరల్ హోదా ఇచ్చింది. అలా ముద్దయీ ముఖద్దమా గెలిచేశాడు.

నన్ను ఎక్కువగా మండించేది గవాహీ లెక్క. చివరి మజిలీల్లో పియరీ వెంట ఐదుగురున్నారు. మాథ్యూ హెన్సన్ అనే నల్లజాతి అమెరికన్, ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊకియా అనే నలుగురు ఇన్యుయిట్లు. బండ్లు నడిపింది, మంచు ఇళ్ళు కట్టింది, కుక్కల్ని సాకింది వాళ్ళు. అయినా ఆనాడు వినిపించిన ఎత్తిపొడుపు ఏమిటి? ధ్రువం దగ్గర తెల్లవాడైన సాక్షి లేడని! ఐదుగురు మనుషులు ఎదురుగా ఉండగానే.

ఇదే పియరీ 1909 అక్టోబర్లో కుక్‌ను పడగొట్టడానికి ఎవరి మాట పట్టుకొచ్చాడో తెలుసా? కుక్ వెంట వెళ్ళిన ఎటుకిషూక్, అవెలా అనే ఇద్దరు ఇన్యుయిట్ యువకుల మాట. వాళ్ళు నేలకు రెండు మజిలీలకు మించి ఉత్తరానికి పోలేదన్నారని ప్రకటన ఇచ్చాడు. అంటే ఎదుటివాణ్ణి అబద్ధీకుడని నిరూపించాలంటే ఇన్యుయిట్ గవాహీ చెల్లుతుంది. చరిత్రలో పేరు ఎక్కించాలంటే మాత్రం ఆ మనుషులు లెక్కలోకి రారు. దీన్ని ఇన్సాఫ్ అంటారా?

హెన్సన్ ఇరవై ఏళ్ళకు పైగా పియరీతో ఉన్నాడు. ఇన్యుయిట్ల భాష బాగా మాట్లాడేవాడు. అలాంటివాడి గురించి పియరీ తన పుస్తకంలో, జాతి వారసత్వంగా వచ్చే తెగువ అతనికి లేదన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆ తర్వాత హెన్సన్ న్యూయార్క్ కస్టమ్స్ ఆఫీసులో ఉద్యోగం చేసుకున్నాడు. 1955లో పోయాడు. ఆర్లింగ్టన్‌లో పియరీ పక్కన జాగా దొరికింది 1988లో, మళ్ళీ తవ్వి తీసి పూడ్చాక.

మన ఉలమా హదీస్‌ను ఎలా జల్లెడ పట్టారో గుర్తు చేసుకోండి. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఆ మనిషి నిజాయితీ ఏపాటిది, ఇవీ ప్రశ్నలు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి.) గారి విడుదలైన గులామ్ నాఫె గారి రివాయత్‌ను ఇమామ్ మాలిక్ తలమీద పెట్టుకున్నారు. నల్లని వర్ణం వారైన అతా ఇబ్నె అబీ రబాహ్ మక్కాలో ఫత్వాలు ఇచ్చారు. దావా చేసినవాడి మీదే సబూత్ బాధ్యత అన్నది ఫిఖ్‌హ్‌లో మొదటి పాఠాల్లో ఒకటి. ఆ తరాజూలో పియరీ దావాను పెట్టండి. ఏమాత్రం తూగుతుంది?

‘మరి రెండో వైపు?’ అనేవాళ్ళకు అదీ చెబుతాను. 1988లో నేషనల్ జియోగ్రాఫిక్ తన పత్రికలోనే వాలీ హెర్బర్ట్ వ్యాసం వేసింది. ధ్రువ ప్రయాణాల్లో ఆరితేరిన హెర్బర్ట్, పియరీ ధ్రువం చేరి ఉండడన్నాడు. మరుసటి ఏడాది ఆ సంస్థే చేయించిన ఇంకో పరిశీలన, ధ్రువానికి దగ్గరగానే చేరాడంది. నిపుణులే తేల్చలేనిదాన్ని పిల్లల పుస్తకం ఒక్క లైన్లో తేల్చేయడం ఇల్మ్ మీద జుల్మ్. వివాదం లేని పేర్లు లేకనా? 1926లో నార్గే గాలి ఓడలో ధ్రువం మీదుగా వెళ్ళిన అముండ్‌సెన్, నోబిలే, ఎల్స్‌వర్త్. 1968లో స్నోమొబైళ్ళ మీద చేరిన రాల్ఫ్ ప్లెయిస్టెడ్ దళం. 1969లో కుక్కల బండ్ల మీద చేరిన ఇదే హెర్బర్ట్.

చివరిగా మనవాళ్ళకు ఒక మాట, కోపం రావచ్చు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అజాన్ విన్నాడని, ఇస్లాం ఖబూల్ చేశాడని ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపుల్లో తిప్పుతున్నాం. ఆయన బతికుండగానే కాదన్నాడు. అయినా మాషా అల్లాహ్ అంటూ ఫార్వర్డ్ చేస్తున్నాం. పియరీ అభిమానులకూ మనకూ తేడా ఏముంది? మనకు ఇష్టమైన దావాకు సబూత్ అడగకపోతే, ఇష్టం లేనిదానికి అడిగే హక్ పోతుంది. ఖబర్ వస్తే తహ్‌ఖీక్ చేయమని సూరె హుజురాత్‌లో వచ్చిన హుకుం ఒక్క వైపుకే కాదు కదా.

మార్కు కోసం పిల్లలు పియరీ అనే రాయనివ్వండి, ఇంతియాజ్ వాళ్ళకు అవసరం. ఇంటికి వచ్చాక మాత్రం మూడు ప్రశ్నలు నేర్పండి: దావా ఎవరిది? గవాహ్ ఎవరు? పరిశీలించినవాడికి ఇందులో లాభమేమిటి? ఆ ఐదుగురి పేర్లు కూడా చెప్పండి. హెన్సన్, ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊకియా. పియరీ ఎంత దూరం వెళ్ళాడో, వాళ్ళూ అంత దూరం వెళ్ళారు.