ఆఖరి వరుసకి కాపలా ఎవరు?

మన ఐటీ జనాల్లో మధ్యాహ్నం భోజనం అయ్యాక ఫోన్లో చదరంగం పజిల్స్ చేసేవాళ్ళు బానే కనిపిస్తున్నారు. మంచిదే. కానీ "బ్యాక్ ర్యాంక్ మేట్" అని పైన పేరు పెట్టి మరీ ఇచ్చే పజిల్స్ వల్ల పెద్ద ఉపయోగం లేదని నా అభిప్రాయం. వస్తువు ఏ అరలో ఉందో ముందే చెప్పేశాక ఇంక వెతికేదేముంది? అసలు ఆటలో ఆ చీటీ ఎవరూ అంటించరు కదా.

కాస్లింగ్ చేసుకున్న రాజుకి సొంత బంట్లే గోడ. ఎదుటి ఏనుగు ఆఖరి వరుసలో దిగిందంటే ఆట కట్టు. ఇది అందరికీ తెలుసు. అయినా ఎందుకు కనపడదంటే, మనం రాజునే చూస్తాం, కాపలావాణ్ణి చూడం.

1914లో మాస్కోలో బెర్న్‌స్టైన్, కాపాబ్లాంకా ఆడిన ఆట చూడండి. (పాతదే, కానీ ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు.) తెల్లపావులు బెర్న్‌స్టైన్‌వి. ఆయన ఒక బంటు కొట్టి లాభంలో ఉన్నాడు. మంత్రి ఇ2లో, ఏనుగు సి3లో. నల్ల ఏనుగు డి8 నుంచి డి1 మీద కన్నేసి ఉంది, దానికి కాపలా తెల్ల మంత్రి ఒక్కటే. సి3 ఏనుగుకైతే అసలు కాపలాయే లేదు.

29వ ఎత్తులో కాపాబ్లాంకా తన మంత్రిని తీసుకెళ్ళి బి2లో పెట్టాడు, సరిగ్గా తెల్ల మంత్రి నోటి ముందు! కొడితే డి1లో ఏనుగు దిగి ఆట కట్టు. పోనీ మంత్రిని ఇ1కి జరిపి రెండూ కాద్దామంటే, నల్ల మంత్రి సి3 ఏనుగుని కొట్టేస్తుంది. దాన్ని తిరిగి కొట్టారా, మళ్ళీ డి1. ఒక్కడికే రెండు మాడ్యూళ్ళు అప్పజెప్పిన ప్రాజెక్టు లాగే ఉంటుంది వ్యవహారం. బెర్న్‌స్టైన్ అక్కడే ఓటమి ఒప్పేసుకున్నాడు.

చాలామంది చెప్పని సంగతి ఇంకోటుంది. నల్లరాజు ఆఖరి వరుస కూడా ఖాళీయే! బి2 బదులు బి1లో చెక్ చెప్పి, తెల్ల మంత్రి ఎఫ్1లో అడ్డొచ్చాక ఆవేశంగా ఏనుగుని డి1లో దింపితే, సి8లో తెల్ల ఏనుగు దిగి కాపాబ్లాంకా ఆటే కట్టేది. పేరు పెట్టిన పజిల్స్‌లో ఈ రెండో వైపు చూసే అలవాటు రాదు, నా గొడవ అదే.

సరే, మీకో పని. బి2 ఎత్తు తర్వాత తెల్ల ఏనుగు సి2కి వచ్చి అడ్డం నిలబడిందనుకోండి. మంత్రితో దాన్ని కొట్టేస్తే నల్ల పని అయిపోయినట్టే. గెలిచే ఎత్తు వేరే ఉంది. ఇంజిన్ ఆన్ చెయ్యకుండా చెప్పండి చూద్దాం.