రొప్పే కోడికి చిటికెడు ఖనిజం

కోడికి చెమట పట్టదు. ఎండాకాలంలో దాని కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి. నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పడం తప్ప ఒళ్లు చల్లబరచుకునే దారి పెద్దగా లేదు. నాటుకోడి అయితే ఏ చింతచెట్టు నీడకో, జాలారు దగ్గరి తడిమట్టిలోకో చేరి ప్రాణం దక్కించుకుంటుంది. రేకుల షెడ్డులో నలభై రోజులకే రెండు కిలోలు తూగాల్సిన బ్రాయిలర్ ఎక్కడికి పోతుంది?

ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో ఎండ 43, 44 డిగ్రీలకు ఎక్కిన రోజున షెడ్డులో ముందు రాలేవి బక్కచిక్కిన పిల్లలు కావు. బాగా మేసి, అమ్మకానికి సిద్ధమైన అయిదు వారాల కోళ్లు! ఒంట్లో కండ ఎంత ఉంటే లోపల వేడి అంత. దాణా ఖర్చంతా అయిపోయాక, ఇంకో వారంలో లారీ ఎక్కాల్సినవి కుప్పకూలుతాయి. రైతుకు అసలు దెబ్బ అదే.

కోడి ఒంటివేడి మామూలుగానే 41 డిగ్రీలు. అది 46, 47కు చేరిందంటే ఇక దక్కదు. అంతదాకా పోకుండా రొప్పుతుందా... ఆ రొప్పుతోనే ఇంకో చిక్కు. ఊపిరితో పాటు కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. రక్తంలో ఆమ్లగుణం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బనేట్‌ను బయటికి నెడతాయి. దాని వెంటే పొటాషియం, సోడియం కూడా కొట్టుకుపోతాయి. పొటాషియం తగ్గితే కండరాలు, గుండె పట్టు తప్పుతాయి. అమెరికాలోని ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1985లోనే ఈ సంగతి ప్రకటించారు. వేడికి రొప్పే కోడిపిల్లల రక్తం క్షారంగా మారుతుందనీ, అమ్మోనియం క్లోరైడ్ లాంటి లవణాలిస్తే కుదుటపడి ఎదుగుదల పుంజుకుంటుందనీ చూపించారు. విరేచనాలైన పిల్లాడికి ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టించడం లాంటిదే ఇది. పొటాషియం క్లోరైడ్, వంటసోడా వంటివి వేసవిలో కోళ్ల నీళ్లలో కలపడం వెనకున్న లెక్క ఇదే.

ఇవి పూటకు పనికొచ్చేవి. జింకు, రాగి, మాంగనీసు, సెలీనియంల తీరు వేరు. వేడి తగిలినప్పుడు ఒంట్లో పుట్టే ఫ్రీ ర్యాడికల్స్ కణాలను లోపలి నుంచే కాల్చేస్తుంటాయి. వాటిని అణిచే ఎంజైములలో ఒకదానికి జింకు, రాగి, మాంగనీసు కావాలి. ఇంకోదానికి సెలీనియం లేకపోతే సాగదు. ఎంజైము తయారవడానికి రోజులు పడుతుంది. వడగాలి మొదలయ్యాక సీసా కొనుక్కొస్తే ఏం లాభం? పైగా ఎండకు కోడి మేత తగ్గిస్తుంది, మేతతో పాటు ఖనిజమూ తగ్గుతుంది. ఉన్న జింకు, క్రోమియం కూడా ఒత్తిడిలో రెట్టతో ఎక్కువగా పోతాయి.

సెలీనియం కథ తమాషాగా ఉంటుంది. 1930లలో అమెరికాలోని దక్షిణ డకోటాలో పశువుల గిట్టలు ఊడిపోవడానికి కారణం మట్టిలోని సెలీనియమేనని తేలింది. అది విషమని అందరూ ఖాయం చేసుకున్నారు. 1957లో క్లాస్ షువార్జ్ అనే శాస్త్రవేత్త అదే విషం రవ్వంత లేకపోతే ప్రాణికి కుదరదని చూపించాడు. అది లోపించిన కోడిపిల్లలకు చర్మం కింద నీలిపచ్చని నీరు చేరుతుంది. అయినా కోళ్ల దాణాలో కలపడానికి అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్నది 1974లో! ఎంత కలపాలి? అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో వేసిన లెక్కలో బ్రాయిలర్ దాణా టన్నుకు జింకు 40 గ్రాములు, మాంగనీసు 60, రాగి 8. సెలీనియం 0.15 గ్రాము. అంటే యాభై కిలోల సంచులు ఇరవై కలిపితే గ్రాములో ఆరో వంతు కూడా లేదు. నేటి కంపెనీలు దీనికి రెట్టింపు, ఆపైన కూడా వేస్తాయి. వేసిందంతా ఒంటికి పట్టదు మరి. మొక్కజొన్న, సోయాలో ఉండే ఫైటేట్ జింకును పట్టేసుకుని వదలదు. అందుకే అమైనో ఆమ్లాలతో జోడించిన 'సేంద్రియ' ఖనిజాలొచ్చాయి. ధర ఎక్కువ, తక్కువ మోతాదు చాలు. పట్టనిది రెట్టలో పోయి పొలంలో పేరుకుంటుంది కాబట్టే యూరోపియన్ యూనియన్ 2016లో కోళ్ల దాణాలో జింకుకు కిలోకు 120 మిల్లీగ్రాములని హద్దు గీసింది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ కూడా వేసవి బ్రాయిలర్లపై జింకు, సెలీనియం, క్రోమియంలను పరీక్షించింది. ఇలాంటి ప్రయోగాల్లో తరచూ కనబడేది ఒకటే. రక్తంలో రక్షణ గుణాలు మెరుగవుతాయి, తూకంలో తేడా మాత్రం ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు. సీసా మీది బొమ్మ చూసి బరువు పెరుగుతుందనుకుంటే నిరాశే.

అసలు ముడి మరోచోట ఉంది. కాంట్రాక్టు పద్ధతిలో పెంచే రైతుకు పిల్లలూ దాణా కంపెనీవి. షెడ్డు, కరెంటు, కాయకష్టం తనవి. సంచిలో ఎంత సెలీనియం ఉందో అతనికి తెలియదు, మార్చే వీలూ లేదు. అతని చేతిలో ఉన్నది నీళ్ల ట్యాంకు ఒక్కటే. అక్కడే పొరపాట్లు జరుగుతాయి. చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటికి తోడు ఇంకా సోడియం కలిపితే రెట్ట పలచనై ఊక తడిసి ముద్దవుతుంది, అమ్మోనియా ఘాటుకు కోళ్ల కళ్లు మండుతాయి. బోరు నీళ్లు వేసవికి ముందే పరీక్ష చేయించి, ఏ లవణం ఎంతో పశువైద్యుణ్ని అడిగి కలపాలి. పొలానికి చల్లే పొటాష్ కూడా పొటాషియం క్లోరైడే కదా అని ఆ సంచిలోంచి గుప్పెడు తీసి ట్యాంకులో వేయడం మాత్రం వద్దు. అది ఎరువుగా తయారైంది, మేతకు కాదు.

ఇక ఎండ ముదరకముందే మేత తొట్లు పైకి లేపి, సాయంత్రం చల్లబడ్డాక దించడం, కప్పు మీద నీళ్లు చిలకరించడం, పక్కలకు తడి గోనెపట్టాలు కట్టడం... వీటికి బదులుగా ఏ ఖనిజమూ పనిచేయదు. నీళ్ల పైపు ఎండలో కాగిపోతుంటే అందులో ఏం కలిపినా కోడి ముక్కు పెట్టదు.