మంచి బేరమనగా నేమి?

తక్కువ వెలకు గొనుట నేర్పనియు, ఎక్కువ వెల యిచ్చుట తెలివితక్కువతనమనియు లోకమున నొక యభిప్రాయము స్థిరపడియున్నది. గుడ్డలు, గిన్నెలు, కాగితములు గొనునపుడు ఈ మాట కొంతవరకు చెల్లును. కాని మనము తిను కూరలు, ధాన్యములు, పప్పుల విషయమున, అందును రసాయనిక మందులు లేకుండ పండింపబడిన వాని విషయమున, ఈ నేర్పే మనకు నష్టము దెచ్చుచున్నదని మేము తలంచుచున్నాము. మంచి బేరము త్రాసు నొద్ద వెల తెగగోయుటలో లేదు. ఎప్పుడు, ఏమి, ఎవరియొద్ద గొనవలయునో తెలిసికొనుటలో నున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల తలిదండ్రులును విద్యార్థులును ఈ సంగతిని విచారింపవలయునని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన సీమ మెట్టసీమ. ఇచ్చట గొప్ప నదులు లేవు. చెరువులు, బావులు, గొట్టపు బావులు మాత్రమే సేద్యమున కాధారములు. అయినను రాగులు, వేరుసెనగలు, ఉలవలు, అనపలు, అలసందలు, చింతపండు, మామిడి, సీతాఫలము మున్నగునవి యీ నేలకు చక్కగా నలవాటుపడిన పంటలు. టమోటా పంట వీనితో జేరి నేడు అన్నిటికంటె పేరు సంపాదించినది. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమందలి మిక్కిలి పెద్ద మార్కెట్లలో నొకటి. రైతులు పెట్టెలతో సరకు దెచ్చెదరు. వేలముపాట జరుగును. లారీలు సరకు నింపుకొని దూరదేశములకు బోవును. 2023 జూలై మాసమున అచ్చట మేలురకపు టమోటా కిలో 150 రూపాయలకు మించి పలికెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు మాసమునకు కిలో 10 రూపాయలకు లోబడి దిగజారెను. జూలైలో గొనువారు విలపించిరి. సెప్టెంబరులో కోతకూలియైన రాక రైతులు విలపించిరి. వెల పడిపోయిన దినమున మంచి బేరము దొరికినదని సంతసించు మనము, ఆ తగ్గిన సొమ్ము ఎవరి కష్టమునుండి తీయబడినదో యొకింత యాలోచింపవలయును.

నడుమ దళారులు లేకుండ రైతును గొనువానిని ఒకచోట జేర్చుటకై నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1999 జనవరి 26వ తేదీన రైతుబజారుల నారంభించెను. గుర్తింపు కార్డుగల రైతే యచ్చట కూర్చుండి తన పంట నమ్ముకొనును. కమీషను లేదు. టోకు ధరకు కొంత హెచ్చుగను, అంగడి ధరకు కొంత తగ్గుగను ఉండునట్లు ప్రతిదినము వెలలు నిర్ణయించి బల్లమీద వ్రాయుదురు. ఇది మెచ్చదగిన యేర్పాటు. మన వారపు సంతలైతే దీనికంటె బహు ప్రాచీనములు. కాని యొక లోపము రెంటికిని గలదు. బల్లమీద వంకాయల వెల యుండును గాని, ఆ వంకాయలు ఎట్లు పండినవో యుండదు. మందుకొట్టిన పంటయు, కొట్టని పంటయు ఒక్క పేరనే, ఒక్క వెలకే పోవుచున్నవి. ఆ భేదమును దెలిసికొను భారము గొనువానిదే యగుచున్నది.

ఈ భేదము నిజమైనదేనా, వట్టి ప్రచారమా యని కొందరు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు వైద్యులు అనేక పరిశోధనలను పోల్చిచూచి, సేంద్రియ పంటలలో పోషకపదార్థములు విశేషముగా హెచ్చని చెప్పుటకు దృఢమైన యాధారము లేదనిరి. అయితే పురుగుమందుల శేషము వానియందు తక్కువగా కనబడుచున్నదనియు వారే తెలిపిరి. కావున ఈ యాహారము సర్వరోగనివారిణి యని చెప్పువారిని మేము నమ్మము. విషము తక్కువ యని చెప్పువారిని నమ్ముదుము.

మందుకొట్టిన పిదప నిన్ని దినములు గడచినగాని కాయ కోయరాదని ప్రతి మందుకును ఒక గడువు గలదు. వంకాయ, టమోటా, బెండకాయ వంటివానిని రెండు మూడు దినముల కొకమారు కోయుచుందురు. నేడు మందుకొట్టి యెల్లుండి కోసినచో గడువు మాట యేమైనది? మోనోక్రోటోఫాసు అను మందును కూరగాయలపై వాడరాదని కేంద్రప్రభుత్వము 2005లోనే నిషేధించెను. నిషేధము కాగితముమీద నున్నంత మాత్రమున చేనిలో నమలు జరుగునని నమ్ముట కష్టము. మన పట్టుపురుగుల పెంపకందారులకు ఈ సంగతి చక్కగా దెలియును. ప్రక్కచేనిలో గొట్టిన మందు గాలికి వచ్చి మల్బరి యాకుపై బడినను పురుగులు చచ్చును. కావున వారు ఆకు విషయమున మిక్కిలి జాగ్రత్త వహింతురు. పట్టుపురుగునకు పెట్టు ఆకు విషయమున జూపు జాగ్రత్త, బిడ్డకు పెట్టు కూర విషయమున మనము చూపకపోవుట విచారకరము.

మందులు లేని సేద్యము మన రాష్ట్రమున నిప్పుడు కొత్తది గాదు. రైతు సాధికార సంస్థ యను ప్రభుత్వసంస్థ 2016 నుండి ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. ఆవుపేడ 10 కిలోలు, ఆవు పంచితము, బెల్లము, పప్పుపిండి, గట్టుమన్ను గుప్పెడు, వీనిని 200 లీటర్ల నీటిలో కలిపి రెండుదినములు పులియబెట్టిన ద్రవజీవామృతమే ఆ సేద్యమునకు ప్రధానమైన ద్రవ్యము. పురుగు పట్టినపుడు వేపాకు మొదలగువానితో జేసిన కషాయములు చల్లుదురు. పుంగనూరు పేరుగల పొట్టిజాతి యావు గజమెత్తునకు మించక, కొద్ది మేతతో జీవించుచు ఇట్టి సేద్యమునకు దగినదై యుండెను. నేడది ధనికుల యిండ్ల ముద్దుజంతువై వెల పెరిగి, పేదరైతునకు దొరకకుండ పోవుచున్నది. ఏది యెట్లున్నను, ఆంధ్రదేశపు ఈ ప్రకృతి వ్యవసాయ ప్రయత్నమునకు 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము, మరి యిరువురు గ్రహీతలతో గలిపి, యీయబడినది. లోకము మెచ్చిన పంటకు మన సంతలో ఆదరము లేకుండుట మనకు గౌరవము గాదు.

ఈ పంట వెల కొంత హెచ్చుగ నుండుటకు కారణములు గలవు. కలుపు చేతితో దీయవలయును. కషాయములు కాచవలయును. కృత్రిమపు టెరువులు మానిన తొలి సంవత్సరములలో దిగుబడి తగ్గుటయు గలదు. 2021లో శ్రీలంక ప్రభుత్వము రసాయనిక యెరువులను ఒక్కమారుగా నిషేధించి, వరిపంట దెబ్బతినగా, కొలది నెలలలోనే ఆ నిషేధమును సడలింపవలసి వచ్చెను. నేల యొక్కనాటిలో మారదని దానివలన దెలియుచున్నది. అది మారు కాలములో రైతునకు అండ యెవరు? మనమే. అట్టి రైతు చాపమీద కూర్చుండి కిలో 40 రూపాయలనగా, మనము 25కే యిమ్మని పట్టుపట్టి గెలిచితిమి పో! వచ్చు సంవత్సరము అతడు మరల మందుడబ్బా కొనును. ఆ గెలుపు మన యింటి కూరచట్టిలోనికే తిరిగివచ్చును.

అట్లయిన చేతిలో సొమ్ము తక్కువగల సంసారులు ఏమి చేయవలయును? వారికే మంచి బేరము ముఖ్యముగా గావలయును. రైతు నొప్పింపకయే వెల తగ్గించుకొను మార్గములు మాకు దోచినవి కొన్ని చెప్పెదము.

మొదటిది, ఋతువు నెరుగుట. ఏ కాయ యే నెలలో సమృద్ధిగ పండునో ఆ నెలలోనే దానిని గొనవలయును. అనపకాయలు మార్గశిర పుష్యములలో రాశులుగ వచ్చును. పితికిన పప్పు చేసికొనుటకు అదియే సమయము. సీతాఫలము భాద్రపద ఆశ్వయుజములలో వచ్చును. క్రొత్త చింతపండు వేసవి మొదట వచ్చును. కాలము గాని కాలమున పంట తీయుటకే మందులును, ఖర్చును హెచ్చుగ గావలయును. ఋతువు ననుసరించినవానికి వెలయు తగ్గును, విషమును తగ్గును.

రెండవది, రూపమునకు మోసపోకుండుట. నునుపైన, ఒకే పరిమాణముగల కాయలనే యేరుకొనుట మనకు వాడుకయైనది. ఒక్క పురుగుమచ్చ గలదని వంకాయను త్రోసివేయుదుము. పులుసులోనికి చిన్నకాయ పెద్దకాయ యను భేద మేమి? మచ్చలుగల కాయలను రైతు తానై తక్కువకు నిచ్చును. సంత ముగియువేళ ఆకుకూరలను మరల మోసికొనిపోలేక తగ్గించి యిచ్చును. అప్పుడు గొనుట యిరువురకును మేలు. దొగ్గలికూర, చెంచలాకు వంటివి చేలగట్లపై తమంతట మొలచును. వానికి మందెవరును గొట్టరు, వెలయు స్వల్పమే. మందుకొట్టిన చేనిలోనివి కాకుండ చూచుకొనిన జాలును.

మూడవది, నిలువయుండు వస్తువులను పంటకాలమున కూడి గొనుట. రాగులు, ఉలవలు, కందులు, వేరుసెనగలు కళ్లమునుండి వచ్చినప్పుడు నాలుగైదు కుటుంబములు గలిసి ఒక రైతునొద్ద మూటలుగ గొనినచో, రైతునకు బాడుగయు కమీషనును మిగులును. ఆ మిగులులో కొంత మనకు వచ్చును. ఉదాహరణమునకు, ఒక యింట నెలకు 20 కిలోల కూరలు వాడుదురనియు, మందులేని కూరలకు కిలోకు 5 రూపాయలు హెచ్చనియు అనుకొందము. హెచ్చు 100 రూపాయలు. అదే యింట నెలకు 10 కిలోల రాగులు, 5 కిలోల పప్పులు వాడుదురనియు, పంటకాలమున గొనుటవలన రాగులయందు కిలోకు 5, పప్పులయందు కిలోకు 10 రూపాయలు కలిసివచ్చుననియు అనుకొందము. మిగులు 100 రూపాయలు. లెక్క సరిపోయినది. ఈ యంకెలు మేము ఊహించినవి. ఎవరి యింటి లెక్క వారు వేసికొనవలయును.

నాలుగవది, అడుగుట. ముద్రలు గలవు. 2017 నాటి సేంద్రియాహార నిబంధనల ననుసరించి అంగళ్లలోని పొట్లములపై జైవిక్ భారత్ అను గుర్తుండును. పొరుగు రైతులు ఒకరి చేను నొకరు తనిఖీ చేసి పూచీపడు పద్ధతియు గలదు. దానికి పీ.జీ.యస్. అని పేరు. కాని తన పంటను తానే తెచ్చి యమ్ము చిన్నరైతునకు ఆ నిబంధనలు ముద్ర విషయమున మినహాయింపు నొసగినవి. అతని విషయమున మాటయే ముద్ర. “అమ్మా, యిది మీ చేనిదేనా? ఏ యూరు? పురుగు పడినప్పుడు ఏమి కొట్టినారు?” అని మర్యాదగ నడుగవలయును. నిజముగ పండించిన యామె కషాయము పేరు, కాచిన విధము, పోయిన పంట, నిలిచిన పంట అన్నియు చెప్పును. ఊరక “ఆర్గానిక్” అని యట్టమీద వ్రాసిపెట్టుకొని, వేసవిలోను వానలోను అన్నికాలముల కాయలు నమ్మువాడు ఈ ప్రశ్నలకు విసుగుకొనును. ఒకే రైతునొద్ద వారము వారము గొనినచో నమ్మకము పెరుగును. సెలవులలో పిల్లలను ఆ చేనికి దీసికొనిపోవచ్చును. చేను చూచిన కన్నులకు ముద్రతో పనిలేదు.

ఐదవది, త్రాసు. తూనికల శాఖవారి ముద్రగల త్రాసుననే తూపించుకొనవలయును. వెల తగ్గించి తూకమున గీసివేయు వర్తకునికంటె, చెప్పిన వెలకు నిండు తూకము నిచ్చు రైతు మేలు. తప్పుడు త్రాసును గూర్చియు, కోతవేళ చేని మూలలను బీదలకు విడుచుటను గూర్చియు వేదగ్రంథమున చెప్పబడిన సంగతులు మన బాలురు ఆదివారపు బడిలో నేర్చినవే. త్రాసునకు రెండు తట్టలు గలవు. అమ్మువాని న్యాయము ఒక తట్టయైన, గొనువాని న్యాయము రెండవది.

ఇక మన పాఠశాల చేయదగిన పనులు రెండు గలవు. వసతిగృహపు వంటశాలకు గావలసిన రాగులను, పప్పులను పంటకాలమున ప్రకృతి వ్యవసాయము చేయు రైతుల సంఘమునుండి నేరుగ గొనుట మొదటిది. ఒక్కొక్క యిల్లు విడివిడిగ చేయలేని సహాయమును వసతిగృహ మొక్కటియే చేయగలదు. రెండవది, పై తరగతుల విద్యార్థులు ఒక పుస్తకము పెట్టి, ప్రతివారము సంతలో పది వస్తువుల వెలలను వ్రాసి, సంవత్సరాంతమున మాసవారీ పట్టికలు గీయుట. గణితమును వచ్చును, లోకజ్ఞానమును వచ్చును. ఆ పట్టికలను వచ్చు సంచికలో ప్రకటించినచో తలిదండ్రులకు మిక్కిలి యుపయోగము.

మంచి యాహారము విలువ మన ప్రాంతమునకు క్రొత్తగ బోధింపనక్కరలేదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో మిషను సంఘములు నెలకొల్పిన క్షయ చికిత్సాలయము, ఆ వ్యాధికి మందు కనుగొనబడని దినములలో, స్వచ్ఛమైన గాలిని, విశ్రాంతిని, పుష్టికరమైన భోజనమును నమ్ముకొని రోగులను సేవించెను. రోగము వచ్చిన పిదప ఆసుపత్రిలో నెంత యడిగిన నంత యిత్తుము, బేరమాడము. రోగము రాకుండ గాపాడు కూరలు పండించిన రైతునొద్ద ఐదు రూపాయలకు పోట్లాడుదుము. ఇది వివేకమా?

విద్యార్థులారా, మీ యమ్మతో సంతకు బోవునపుడు సంచి మోయుటతో తృప్తిపడకుడు. ఋతువు నడుగుడు, ఊరు అడుగుడు, తూకము చూడుడు. న్యాయమైన వెల యిచ్చి, మంచి వస్తువు దెచ్చుకొని, రేపును అదే రైతు అదే చోట కూర్చుండునట్లు చేయుడు. అమ్మినవాడును గొనినవాడును మరుసటి వారము సంతోషముతో ఎదురుపడగలిగినచో అదియే మంచి బేరము.